నీలం టాపు అల్లిందెవరు

వినీతా,

అన్నం కుక్కర్లో ఉంది, పులుసు వేడి చేసుకో. నేను తాల్‌బగీచాలో మా అక్క ఇంటికి పోతన్నాను, చీకటి పడ్డాకే వస్తాను.

నేను రెండు నెలలు కూకుని అల్లిన నీలం నూలు టాపు నన్ను అడక్కుండా నిన్న స్కూలుకి తొడుక్కుపోయినావు. పైగా “నేనే అల్లినాను” అని అక్కడ చెప్పుకున్నావట, ఏటిది? క్రోషా నేర్చుకోడానికి ఈరోజు అయిదింటికి నీ దగ్గరికి వస్తన్నామని మీ స్కూల్లో నీతోటి టీచరు దీదీలు నాకే ఫోన్ చేసినారు. తప్పకుండా రమ్మన్నాను. దారం, సూది బల్లమీద పెట్టినాను. నేర్పు. నీకు మొదటి ముడి వెయ్యడమే రాదని నేను చెప్పలేదు, నువ్వే చెప్పుకో.

మీనా వదిన

ఆ టాపు నీ పుట్టినరోజుకే మొదలెట్టినాను. ఎండల్లో నీ వీపంతా చెమటకాయలు లేస్తాయని గాలాడేలా జాలీ అల్లిక వేసినాను. ఉతక్కు, మెడ కాడ అంచు ఇంకా కట్టలేదు, విడిపోతాది.