ఏడు రెబ్బలు, ఒక ముక్కు

కొత్తకోట
అక్టోబర్ 18, 2021

రామన్నపేట గోవిందమ్మ అక్కగారికి రిటైర్డ్ కండక్టర్ సర్దార్ సలాం చేసి రాస్తున్నది. మేమిక్కడ క్షేమం, ఒక్క ముక్కు తప్ప. ఆ సంగతి కిందికి వస్తుంది.

నేను గుర్తుకు రాకపోతే బస్సును గుర్తు చేసుకోండి. పదిహేనేళ్ల కింద నల్లగొండ బస్సులో మీరు ఎల్లిగడ్డల మూటతో ఎక్కారు. లగేజీ టికెట్ తీసుకోమన్నాను. "మనిషికి తీస్కున్న. వాసనకు గూడ తియ్యాల్నా?" అని బస్సంతా వినేటట్టు అడిగారు. నేను పట్టుబడితే ఒక టికెట్ వెనక మీ పేరూ ఊరూ రాసిచ్చి, "పో, కేసు పెట్టుకో" అన్నారు. దిగేటప్పుడు మాత్రం నా సంచిలో రెండు గడ్డలు పడేసి పోయారు. చిన్న గడ్డలు, ఎర్ర పొర. మా ఆవిడ అజ్మత్ బీ వాటితో కారం నూరితే పక్కింటివాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఆ టికెట్ నా దగ్గర ఇంకా ఉంది.

ఇక ముక్కు సంగతి. మొన్న ఎండాకాలం మా ఇంటికి కరోనా వచ్చింది. అది పోతూ పోతూ అజ్మత్ బీ వాసనను కూడా పట్టుకుపోయింది. ఆరు నెలలు కావస్తున్నది. పాలు విరిగినా తెలియదు, పప్పు మాడినా తెలియదు. మా గల్లీలో ఆమెను మించి వండేవాళ్లు లేరు. అలాంటి మనిషి ఇప్పుడు గిన్నె ముందు నిలబడి ఏడుస్తున్నది. నేను పక్కన నిలబడి ఆమెకు బదులు వాసన చూస్తున్నాను. దవాఖానలో డాక్టర్ రోజూ ఘాటైన వాసనలు చూపించమన్నాడు. బజారులో దొరికిన ఎల్లిగడ్డలన్నీ తెచ్చాను, ఏదీ పనిచేయలేదు. "గా నల్లగొండ బస్సు ఎల్లిగడ్డ ఉంటె వాసన తెలుస్తుండె" అన్నది మొన్న ఒకరోజు.

మా పెరట్లో కొంచెం జాగా ఉంది. జర విత్తనం పంపించండి, నేనే పండించుకుంటాను. కింద ఫోన్ నంబర్ రాశాను.

ఇట్లు, మీ పాత కండక్టర్
సర్దార్

తా.క. ఆ రోజు మీ మీద కేసు పెట్టలేదు. అప్పటికే నా సంచి కూడా మీ మూటలాగే వాసన కొడుతున్నది.

*

రామన్నపేట
అక్టోబర్ 29, 2021

కండక్టర్ తమ్ముడు సర్దార్‌కు గోవిందమ్మ దీవించి రాసేది. నీ ఉత్తరం అందింది. మరదలు ముక్కు సంగతి చదివి పానం ఉసూరుమన్నది. తిండి వాసన తెల్వకపోతె ఇగ వండుడెందుకు, తినుడెందుకు?

మా అమ్మ కాడ మూడు తీర్ల ఎల్లిగడ్డలుండె. సన్న రెబ్బలది ఒకటి, ఉడికితె తియ్యగయ్యేది ఒకటి, గీ ఎర్రపొరది ఒకటి. మొదటి రెండు నా కండ్ల ముంగటనే పోయినయి. అందరు బజారు తెల్లగడ్డకు మరిగిన్రు. దాని పొట్టు అల్కగ వస్తదంట. పొట్టు కోసం తింటరా, పాయ కోసం తింటరా? ఎర్రపొరది నా కాడ రెండు గడ్డలే మిగిలినయి. ఒకటి నా పెరట్ల పెడుత. రెండో దాంట్ల ఏడు రెబ్బలున్నయి. ఏడూ నీకే పంపుతున్న.

దీపావళికి అటీటుగ పెట్టు. పొట్టు తియ్యకు. మొన మీదికుండాలె, వేలి కణుపంత లోతుండాలె. ఎరువు ఎక్కువ ఎయ్యకు, ఉత్త ఆకే పెరుగుతది. కింది ఆకులు ఎండుడు మొదలుపెట్టినంక నీళ్లు ఆపు. పండినంక రెండు గడ్డలు నాకు విత్తనానికి పంపాలె. గిదొక్కటే నా షరతు.

మీ అక్క
గోవిందమ్మ

తా.క. ఫోన్ల నాకు వినరాదు. మా కోడలు విని చెప్తనంటది గని, నడుమల తన ముచ్చట్లు కలుపుతది. పోయినసారి మా తమ్ముడు జ్వరమని ఫోన్ చేస్తె పెండ్లని నాకు చెప్పింది. ఉత్తరమే రాయి.

*

కొత్తకోట
డిసెంబర్ 12, 2021

గోవిందమ్మ అక్కగారికి సర్దార్ సలాం. మీ ఏడుగురు ప్రయాణికులూ క్షేమంగా దిగారు.

వాళ్లను వెండి గిన్నెలో పెట్టి మంచం పక్కనే ఉంచాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అజ్మత్ బీ ముక్కు దగ్గర పెడుతున్నాను. ఐదు వారాలైంది. పొట్టు తియ్యొద్దన్నారు కాబట్టి గోరు కూడా తగలనివ్వలేదు. "ఏమన్న తెలుస్తాందా?" అంటే "నీ చెయ్యి కనవడ్తాంది" అంటుంది. కొంచెం ఓపిక పట్టమని చెప్తున్నాను.

వాసన రాగానే నాటేస్తాను, ఫికర్ చేయకండి. మడి తయారుగా ఉంది. ఏడు గుంటలు తీసి సీటు నంబర్లు రాసి పెట్టాను. ముందు మూడూ లేడీస్.

ఇట్లు
సర్దార్

తా.క. నిన్న పొయ్యి దగ్గర డ్యూటీలో ఉండి పేపర్ చదువుతుంటే పప్పు మాడింది. "ముక్కున్నోనికే తెల్వకపాయె, నాదేం తప్పు?" అన్నది అజ్మత్ బీ. ఇన్ని నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

*

రామన్నపేట
డిసెంబర్ 22, 2021

సర్దార్ తమ్మీ, దీవెనలు తర్వాత పెడుత. ముందు ఇది చదువు.

ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! పొట్టు తియ్యని ఎల్లిపాయ నా ముక్కుకే వాసన రాదు, మరదలు ముక్కుకేడికెల్లి వస్తది? పొట్టు తియ్యద్దన్నది భూమిల పెట్టెటందుకు. వాసన చూసెటందుకు కాదు. దీపావళి పోయి నెలన్నర దాటింది. ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే పోయి పెట్టిరా. ఆకు వచ్చినంక ఓ కొస తెంపి, నలిపి, మరదలికి చూపియ్యి.

ఇంకో మాట. నేను పెట్టిన గడ్డ మురిగిపోయింది. ఈ ఏడు వానలు ఇడువలే. మడి నిండ నీళ్లు నిలిచినయి. తవ్వి చూస్తె చేతికి జిగటే వచ్చింది, పాయ రాలే. మా అమ్మ ఎర్రపొర అంటె ఇగ నీ కాడున్న ఏడు రెబ్బలే. నాకు తెలిసి ఇంకెవ్వరి కాడ లేదు. జర పైలం తమ్మీ.

దీవెనలతో
గోవిందమ్మ

తా.క. ఎల్లిపాయలకు లేడీస్ సీట్లెందుకయ్యా?

*

కొత్తకోట
ఏప్రిల్ 20, 2022

గౌరవనీయులైన గోవిందమ్మ గారికి నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం చదివిన రోజే ఏడు రెబ్బలూ నాటాను. లోకంలో ఇవే మిగిలాయని మీరు రాసిన తర్వాత ఆకు తెంపడానికి చేతులు రాలేదు. అజ్మత్ బీని పెరట్లోకే రానివ్వలేదు. మేకలకు, పిల్లులకు, చుట్టాలకు కూడా ప్రవేశం లేదు. అందువల్ల ఆమె ముక్కు ఎక్కడిదక్కడే ఉంది.

పంట వచ్చింది. షరతు ప్రకారం రెండు గడ్డలు పార్సిల్ చేశాను. కొంచెం లావుగా కనిపిస్తాయి. అది మా కొత్తకోట నీళ్ల బలం. అంతకు మించి విశేషాలేమీ లేవు.

ఇట్లు
సర్దార్

తా.క. దయచేసి వాటికి తడి తగలనివ్వకండి.

*

రామన్నపేట
మే 3, 2022

సర్దార్‌కు గోవిందమ్మ రాసేది.

తడి తగలనియ్యద్దన్నవు. అందుకనే నీళ్ల గిన్నెల ఏసిన. నీళ్లు ఎర్రగైనయి, గడ్డలు తెల్లగైనయి. నా చేతులకు జాజు అంటింది. గడపకు పూసే జాజును ఎల్లిగడ్డకు పూస్తవా? దంచి చూసిన. వాసన లేదు, పాడు లేదు. మా కోడలు పక్కనే ఉండి దంచుతున్నది అల్లమా అని అడిగింది.

ఎర్రపొరను ఎవనికిచ్చినవ్? విత్తనాల షాపోనికి అమ్ముకున్నవా? నర్సరీల పెట్టినవా? నీ భార్య పానం బాగలేదన్నవని ఇంట్ల ఒక్క రెబ్బ ఉంచుకోకుంట ఇచ్చిన. అది మా అమ్మ కొంగున కట్టుకొచ్చిన గడ్డ. నా విత్తనం నాకియ్యి.

గోవిందమ్మ

తా.క. నీ లగేజీ టికెట్ గూడ గిట్లనే ఉత్తదేనేమో!

*

కొత్తకోట
మే 16, 2022

అక్కా,

ముప్పై ఏళ్ల సర్వీసులో డిపోకు ఒక్కసారి కూడా సంజాయిషీ రాయలేదు. ఇదే నా మొదటి సంజాయిషీ.

మీ విత్తనం నేను ఎవరికీ అమ్మలేదు. నేనే పాడు చేశాను. ఏప్రిల్‌లో తవ్వితే ఏడు చెట్లకు ఏడు గోలీలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ రెబ్బలు లేవు. ఒకటే గుండు, లోపల విడిపోనే లేదు. మీ అమ్మగారి గడ్డ నా చేతిలో పడి గొడ్డుపోయిందనుకున్నాను. సిగ్గుతో వాటిని వంటింటి బుట్టలో పడేసి, బజారుకు పోయి తెల్లగడ్డలు కొని, జాజు పూశాను. ఇందులో అజ్మత్ బీ తప్పేమీ లేదు. ఆమెకు ఈ సంగతే తెలియదు.

మిగతా కూడా చెప్పేస్తాను. బస్టాండులో మా దోస్తు ముఖీత్ ఒంటిరెబ్బ ఎల్లిగడ్డ తేనెలో నానబెట్టి తింటే బీపీకి మంచిదన్నాడు. ఎలాగూ విత్తనానికి పనికిరావు కదా అని అజ్మత్ బీకి చెప్పి తేనెలో నానబెట్టించాను. రోజుకొకటి కళ్లు మూసుకుని మింగాను. నిన్నటితో ఏడూ అయిపోయాయి.

మీరేం తిట్టినా పడతాను.

సర్దార్

తా.క. బీపీ మాత్రం తగ్గింది.

*

రామన్నపేట
మే 27, 2022

తమ్మీ,

ఆలస్యంగ పెట్టిన రెబ్బ మొదటేడు గట్లనే ఒక్క గుండుగ ఊరుతది. పాడైనట్టు కాదు. అదే గుండును మల్ల దీపావళికి పెడితె నిండు గడ్డయితది. మా అమ్మ కావాల్నని గట్ల చేస్తుండె. నువ్వు మింగింది మందు కాదు, విత్తనం.

తిడుదామని కాయితం తీసిన. తిట్లు వస్తలేవు. మరదలికి వాసన వస్తె చాలనుకొని పంపిన. వాసనా రాకపాయె, విత్తనమూ పాయె. తప్పు నాదే, గుండు సంగతి ముందుగల్ల రాయకపోతి. ఇగ నువ్వు నాకు రాయకు. నేను రాయ.

గోవిందమ్మ

తా.క. ఏం లేదు.

*

కొత్తకోట
జూన్ 8, 2022

గోవిందమ్మక్కకు మీ మరదలు అజ్మత్ బీ సలాం. రాయద్దని మీరు మా ఆయనకు అన్నరు. నాకు అనలేదు గద, అందుకని రాస్తున్న.

ముందుగాల గీ ఉత్తరంతోని పంపిన డబ్బీ తెరువుండ్రి. నాలుగు గుండ్లు ఉంటయి. ఎర్రపొరవే. నీళ్లల్ల ముంచి, బట్టతోని రుద్ది మరీ చూడుండ్రి. తక్కిన మూడు నా కాడ బియ్యం డబ్బా వెనక ఉన్నయి.

ఆ రోజు ఆయన గుండ్లను బుట్టల పడేసి, మొఖం మాడ్చుకొని బజారుకు పోయిండు. ఎందుకు పారేసిండా అని నేనొకటి చేతికి తీస్కొని ఎండిన కాడ విరిచిన. ముక్కుల సుర్రుమన్నది. ఏడాదికి మొదటి వాసన, అక్కా! కాడను ముక్కుకు ఆనించుకొని వంటింట్ల కూసోని మస్తు ఏడ్చిన. ఆయనకు చెప్దామని పెరట్లకు ఉరికిన. అక్కడ ఆయన పండ్ల బ్రష్షుతోని బజారు గడ్డలకు జాజు పూస్తాండు. ఒకటి పూసుడు, ఎండకు పట్టి చూసుడు. నోట్ల కొంగు కుక్కుకొని నవ్విన. గీ సంబురంల చెప్పుడు ఆగిపోయింది.

తర్వాత గూడ చెప్పలే. ఎందుకంటె చెప్త, మీరు తిట్టద్దు. నా సంసారం ముప్పయ్యెనిమిదేండ్లు. ఆయన ఎన్నడు పొద్దుగాల బస్సెక్కిన మనిషే. రిటైరైనంక బస్టాండ్ల కూసున్న మనిషే. పొయ్యి కాడ నా పక్కన నిలబడ్డది గీ ఒక్క ఏడాదే. చాయ మరిగిందని చెప్తడు, పోపు వేగిందని చెప్తడు, నడుమల బస్సు ముచ్చట్లు చెప్తడు. నాకు ముక్కు వచ్చిందంటె తెల్లారే బస్టాండుకు పోతడు. నాకు గా భయమున్నది.

తేనె సంగతి. గింత ఘాటున్న గుండు పాడైందంటె నేను నమ్మలే. అందుకని వాటిని దాచి, చిన్న సాంబారు ఉల్లిగడ్డలు పొట్టు తీసి తేనెల ఏసిన. ఆయన కండ్లు మూసుకొని మింగిండు. ఏడు రోజులు "అబ్బ, ఏం ఘాటు" అన్నడు.

మీ చివరి ఉత్తరం చదివి ఆయన రెండు రోజుల సంది అన్నం ముట్టలేదు. నేను చేసిన పనికి ఆయన ఏడుస్తాండు, నాకు మంచిగ అనిపిస్తలేదు. గుండ్లు ఉన్నయని ఇయ్యాల రాత్రి అన్నం కాడ చెప్త. దీపావళికి మీరు నాలుగు పెట్టుండ్రి, మేము మూడు పెడ్తం. ముక్కు సంగతి మాత్రం అవి మొలిచినంక నేనే చెప్త. అప్పటిదాక మీరు జర మూతి బిగవట్టుండ్రి.

మీ మరదలు
అజ్మత్ బీ

తా.క. ఉల్లిగడ్డ సంగతి మాత్రం ఎన్నడు చెప్ప. ఒంటిరెబ్బతోని బీపీ తగ్గిందని బస్టాండ్ల అందరికి చెప్పిండు. ముఖీత్ భాయి గూడ మొదలుపెట్టిండంట.

ఇంకో తా.క. గిది రాస్తాంటె పప్పు అడుగంటిన వాసన వచ్చింది. నేను లేసేలోపట్నే ఆయన పెరట్ల నుంచి ఉరికొచ్చి, "ఫికర్ చెయ్యకు, నేనున్న" అని గిన్నె దించిండు. "మాడిందా ఏంది?" అని అడిగిన.