గట్టు లోపలి వాళ్ళు

ఫిబ్రవరి 2

పొద్దుటి నుంచీ ఒకటే వాన. కొండ నీళ్ళన్నీ ఇంట్లోకొచ్చాయి. చాపలు తేలాయి. నా భార్య సెరువాయా మంచమెక్కింది, నేను తెడ్డు పట్టినట్టు చీపురు పట్టాను. వాళ్ళన్న ఇనోసి బావ వచ్చి చూశాడు. శనివారం ఇంటి వెనకున్న గట్టు తవ్వి కాలవ తీద్దాం, లేకపోతే నీ ఇల్లు నీకంటే ముందే నదిలో ఈత నేర్చుకుంటుంది బావా అన్నాడు.

ఆ గట్టు నిండా తేనెటీగల బెజ్జాలు.

ఫిబ్రవరి 3

బియ్యపు గింజంత ఈగలు. ఆకుపచ్చగా మెరుస్తాయి. ఒక్కో బెజ్జంలో బోలెడంతమంది ఆడవాళ్ళు. గుమ్మంలో ఒకావిడ తల అడ్డంపెట్టి కాపలా. అచ్చం మా చర్చి మహిళా సంఘమే. ఇవి పోతే నా దోసపాదు ఉత్త పువ్వులే పూస్తుందంది సెరువాయా. కాలవ అవతలి పక్కనుంచి తియ్యమంది.

అవతల నా యంగోనా తోట. నాలుగేళ్ళ వేళ్ళు. పెళ్ళైనా చావైనా ఆ వేరు దంచి నీళ్ళలో కలిపి తాగందే మా దీవిలో ఎవరికీ మాట పెగలదు. వినపడనట్టు దగ్గాను.

ఫిబ్రవరి 4

శనివారం దాకా ఆగలేక నేనే చిన్న కాలవ తీశాను. నీళ్ళు ఇంటిని వదిలాయి. వెళ్ళి గట్టు కింద మడుగు కట్టాయి. బెజ్జాలన్నీ మునిగాయి.

ఫిబ్రవరి 5

సెరువాయా మాట్లాడటం లేదు. చేమదుంపలు ఉడకబెట్టింది. ఉప్పు వెయ్యలేదు.

ఫిబ్రవరి 6

నువ్వే చంపేశావుగా, ఇంక రేపు తవ్వడానికి అడ్డేంటి అన్నాడు ఇనోసి బావ. మా చెల్లికి మొగుణ్ణిచ్చిన దేవుడు వాడికి బుర్ర ఇవ్వలేదు అని కూడా అన్నాడు.

మడుగు తోడేసి, గట్టులోంచి ఒక పెళ్ళ విరిచాను. శవాలు చూద్దామనే.

లోపల బుల్లి బుల్లి గదులు. గోడలకి నిగనిగలాడే పూత. ఒక నీటిబొట్టు వేశాను. చేమాకు మీద జారినట్టు జారిపోయింది. గదిలో పుప్పొడి ఉండ, దాని మీద తెల్లటి పసిగుడ్డు. కదిలింది. చుట్టూ అంత బురద, దానికి ఒళ్ళు తడవలేదు!

సెరువాయాని కేకేశాను. ఆ పూత వాటి ఒంట్లోంచే వస్తుందట, వాళ్ళమ్మ చెప్పేదట. రెండ్రోజుల తర్వాత మొదటి మాట. నా ఇంటికి రేకులున్నాయి, సిమెంటుంది. ఏటా తడుస్తుంది. ఆ గదులు చూస్తూ ఎంతసేపు మోకాళ్ళ మీద ఉన్నానో, చర్చిలో కూడా ఎప్పుడూ అంతసేపు లేను.

ఫిబ్రవరి 7

కాలవ యంగోనా తోటలోంచే తీశాం. కాస్త ఏడువు బావా, వేళ్ళకి మర్యాదగా ఉంటుంది అన్నాడు ఇనోసి, మొక్కలు పీకుతూ. సాయంత్రం వేరు దంచబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఒకరి నేల ముట్టేముందు వేరిచ్చి అడగాలి, నువ్వు ఆ గట్టు లోపలి వాళ్ళ నేల ముంచి కూడా అడగలేదు అన్నాడు. వేళాకోళమనుకున్నాను. మొహం చూస్తే కాదు.

ఫిబ్రవరి 9

ఎండ. అన్నిట్లోకీ పెద్ద వేరు గట్టు ముందు పెట్టి, పెద్దల్ని మన్నించమని అడిగేటప్పుడు మా వాళ్ళు చేసినట్టే అరచేతులు దొప్పలా చేసి చరిచాను.

ఒకావిడ గుమ్మంలో తల పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పక్కకి తప్పుకుంది.