వరుణికి ఎర్రకళ్ళు వద్దు

వసూ,

బాగున్నావా అని రాసి కొట్టేశాను. అలవాటు.

వచ్చే నెలలో నీ సంవత్సరీకం. నువ్వు లేని ఎండాకాలం ఒకటి గడిచింది, వానాకాలం ఒకటి గడిచింది. కోడంబాక్కం ఇల్లు అట్లాగే ఉంది. నేనే వండుకుంటున్నాను. రసం మాత్రం కుదరడం లేదు.

ఈ ఉత్తరం క్షేమ సమాచారాల కోసం కాదు. నీ మీద కోపంగా ఉంది. అది చెప్పాలి.

ఆ మామని ఎందుకు చంపావు?

పరంధామం మామని. నీ బొమ్మల కథలో ఆ ఒక్కడి చేతిలోనే తాళంచెవి ఉంది. ఊరిని వరద ముంచిన తర్వాత వరుణి అనే యంత్రాన్ని చేసింది ఆయన. దాన్ని ఊరి బయట నిలబెట్టి, ఊళ్ళోకి నీళ్ళు రానివ్వకు అని ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చింది ఆయన. వరుణి వరదని ఆపింది. ఊరంతా దానికి దండలు వేసింది. తర్వాత వేసవి వచ్చింది. అది నీళ్ళ లారీలని ఆపింది. క్యాన్లు తెచ్చే ఆటోలని ఆపింది. బడిపిల్ల సంచిలో సీసా తీసి పారబోసింది. చివరికి మబ్బుల్ని కూడా వెనక్కి తోసేసింది. రెక్కలున్న నీ అమ్మాయి, ఆ నీలిరెక్క, ఎంత గుద్దినా దానికి చలనం లేదు. ఆజ్ఞ ఇచ్చినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకోవాలి. అది నువ్వు పెట్టిన నియమమే.

ఆయన్నేమో ముందు భాగంలోనే పాడె ఎక్కించావు.

ఆసుపత్రి మంచం మీద నువ్వు చెబుతుంటే రాసుకున్నది నేనే కదా. ఆయన్ని ఉండనివ్వమని ఆ రోజే అన్నాను. "ఆయనుంటే కథ ఒక్క పేజీలో అయిపోద్దండీ. వచ్చి, చాల్లేమ్మా ఆపు అంటాడు. అది ఆపుద్ది. పిల్లకాయలు ఊరుకుంటారా?" అన్నావు. ఆపడం ఎట్లాగో నీ మనసులో ఉందనుకున్నాను. అడగలేదు. అడిగితే అలసిపోతావని...

ఉందా? నిజంగా ఉండిందా, వసూ?

ఇప్పుడు ఆ పీకులాట నా నెత్తిన పడింది.

పాండీ బజారు పక్క సందులో, చీరల కొట్టు పైన మీ పిల్లల పత్రికాఫీసు మెట్లు నీకు తెలుసు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను. ఎడిటరు రంగనాథం కాఫీ తెప్పించాడు. నీ గురించి బాగానే మాట్లాడాడు. పేరు నీది కాబట్టి నా మాట లేకుండా ముగింపు వెయ్యనన్నాడు. ఆ మర్యాదకి సంతోషించాను. తర్వాత రెండు పేజీలు నా ముందు పెట్టాడు. ముగింపు అప్పటికే గీయించేశాడు.

వరుణికి కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు కూడా వచ్చాయి. యంత్రానికి పళ్ళెందుకో! మనుషుల్ని బానిసలు చేస్తాను అంటోంది. నీలిరెక్క ఒక్క గుద్దు గుద్దితే పేలిపోయింది. కింద ముక్కల మధ్య ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటోంది. అది మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందట.

కాఫీ తాగేశాను.

రంగనాథం చెడ్డవాడేం కాదు. పిల్లలకి కోపం రావాలంటే ముఖం కావాలి సార్, ముఖమంటే కళ్ళు కావాలి సార్ అన్నాడు. బయటి దేశాల బొమ్మల పుస్తకాలు ఒక కట్ట ఇచ్చి చదవమన్నాడు. ఇంటికి తెచ్చుకుని అన్నీ చదివాను. వేరే పనేముంది?

అన్నిట్లోనూ అదే వరస. ఒక శాస్త్రజ్ఞుడు మంచికే ఏదో చేస్తాడు. మీద పిడుగు పడుతుంది, లేకపోతే దానికి సొంతంగా ఆలోచన పుడుతుంది. దానికి పిచ్చెక్కుతుంది. కేప్ కట్టుకున్నవాడు వచ్చి దాన్ని భవనాలకేసి విసిరికొడతాడు. శాస్త్రజ్ఞుడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అందరూ క్షమిస్తారు. తర్వాతి పుస్తకంలో అదే శాస్త్రజ్ఞుడు ఇంకోటి చేస్తుంటాడు. ఆ మీట వేసి వదిలి వెళ్ళిందెవరని ఒక్కడూ అడగడు. తప్పంతా ఇనుముది!

అంబత్తూరులో నా ఉద్యోగమంతా ఇనుప రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ల మధ్యే గడిచింది. ఏ మిషనుకీ కోపం రావడం చూడలేదు. ఒకడి వేళ్ళు పోయాయి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగే ప్రెస్సు అది. పని తొందరగా అవ్వాలని ఎవరో ఒక బటన్ని తీగతో కట్టేశారు. కట్టినవాడు షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. మిషను తన పని తాను చేసింది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి అన్నం తినకపోతే నువ్వు మొత్తం అడిగి చెప్పించుకున్నావు. "దానికి పిచ్చెక్కలేదండీ. దాన్ని వదిలేసి పోయినారు. అంతే" అన్నావు. నీ కథలన్నీ అక్కణ్ణించే మొదలైనాయని నేననుకుంటాను.

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. రంగనాథం ఈ ముగింపు ఎలా ఉండాలని ఫోనులో ఆ మాట్లాడే కంప్యూటర్ని కూడా అడిగాడట. క్షణంలో రాసిచ్చిందట. ఏం రాసిందో తెలుసా? ఎర్రకళ్ళు. యంత్రం కూడా యంత్రాన్నే రాక్షసిని చేస్తోంది, చూశావా... దానికి మాత్రం ఎవరు నేర్పారు? మనమే.

ఆ పేజీలు వద్దన్నాను. నువ్వు పోయే ముందు చెప్పింది అదొక్కటే కదా. "మీరుండంగా వరుణిని రాక్షసిని చెయ్యనీబాకండి." బంగారం గురించి చెప్పలేదు, బ్యాంకు గురించి చెప్పలేదు. అది చెప్పావు.

మరేం రాయమంటారు సార్ అని రంగనాథం అడిగాడు. నువ్వు చెప్పింది అంతవరకే అన్నాను. బొమ్మలు ఒకటే, మాటలే రెండు భాషల్లో. తెలుగు ఆగితే తమిళం కూడా ఆగుతుంది. నీలిరెక్క ఏమైందని పిల్లలు ఉత్తరాలు రాస్తున్నారు. మీరే వరుణిలాగా అడ్డంగా నిలబడ్డారు సార్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

రైల్లో కూర్చున్నాక ఆలోచించాను. అతను అన్నదాంట్లో తప్పేముంది?

వరుణిలాగా నేను ఎన్నిసార్లు నిలబడ్డాను! కథలో యంత్రం ఎట్లా దారి తప్పాలో నీకు తోచనప్పుడల్లా నన్ను నిలబెట్టేదానివి. నువ్వు ఆజ్ఞ ఇవ్వాలి, నేను అన్నది అన్నట్టు చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు. "పాలు పొంగనీబాకండి" అన్నావొకసారి. నేను పొయ్యే వెలిగించనివ్వలేదు. కాఫీ లేదు ఆ పూట. వరుణి పుట్టింది కూడా అట్లాగే. "ఇంట్లోకి నీళ్ళు రానీబాకండి" అని చెప్పి, మర్చిపోయి, ఇల్లు తుడవడానికి కింద పంపు దగ్గర బకెట్ నింపుకొచ్చావు. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. "మా ఆయనకి ఏం కాలేదండీ, కథ రాస్తన్నాం" అన్నావు. ఆవిడ ఇప్పటికీ నన్ను కొంచెం దూరంగానే పలకరిస్తుంది.

ఆసుపత్రిలో ఆ ఆట నిజమైంది. నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నారు. నీ కిడ్నీలు తట్టుకోలేవన్నారు. గ్లాసు నా చేతికి ఇచ్చారు. నువ్వు అడగడం, నేను తల అడ్డంగా ఊపడం. "మీకు ఆర్డరిచ్చిన డాక్టరు బతికే ఉండాడు గదండీ. పోయి అడగండి" అన్నావు. వెళ్ళి అడిగాను. ఐసు ముక్క నోట్లో పెట్టొచ్చన్నాడు. దాన్ని బుగ్గన పెట్టుకుని నువ్వు కళ్ళు మూసుకున్నావు...

అది చాలు. ఎక్కువ రాయను.

పోయిన ఆదివారం ఆఫీసు నుంచి శరణ్య అనే అమ్మాయి వచ్చింది. నీ చోట్లో కొత్తగా చేరింది. తాతల కాలం నుంచి ఈ ఊరి తెలుగువాళ్ళే. మాట్లాడితే సగం తమిళం. ఎడిటర్ పంపించలేదు అంకుల్, నేనే వచ్చినాను, ఆ ఎర్రకళ్ళు నాకూ పిడికలే అంది. నచ్చలేదని. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

అక్క ఎట్లా రాసేదని అడిగింది. చెప్పాను. అట్లయితే మీరు నిలబడండి అంది.

నువ్వు తప్ప ఇంకెవరూ నన్ను నిలబెట్టలేదు. కాసేపు సందేహించాను. లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. వంటిల్లు ఊరు. నేను వరుణి.

నీళ్ళ సీసాతో వచ్చింది. ఆపాను. టీ గ్లాసుతో వచ్చింది. ఆపాను. కిందికి వెళ్ళి కొబ్బరిబోండాం కొనుక్కొచ్చింది. లోపల ఉన్నది నీళ్ళే కదా, ఆపాను. వాన పడుతోంది అంటూ పై నుంచి చేతులు ఆడించింది. ఆపాను. ఎన్న అంకుల్ ఇది, మిషనైనా కొంచెం మనసుండొద్దా అంది. మనసుంటే మీ ఎడిటరు ముగింపే రాసుకోవాలి అని మనసులో అనుకున్నాను. యంత్రం మాట్లాడకూడదు కదా.

అలిసిపోయి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బోండాం తనే తాగేసింది. కింద మోటారు గది పక్కన గుండ్రంగా ఆ సిమెంటు పలక ఏందని అడిగింది. బావి అన్నాను. ఫ్లాట్లు కట్టినప్పుడు మూసేశారు.

వంగి ఆ పలకని ఇంకోసారి చూసింది. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడి, అంకుల్ని కాదు, వరుణినే అడిగింది. ఆ నీళ్ళు బయటి నుంచి వస్తున్నాయా?

ఆలోచించాను. ఊరి కింద ఉన్నవి. ముందు నుంచే ఉన్నవి. రావడం లేదు. తోడుకుంటే పైకి వస్తాయి, లోపలికి రావు. నాకిచ్చిన ఆజ్ఞలో వాటి మాటే లేదు.

గుమ్మం వదిలి పక్కకి జరిగాను.

ఆ పిల్ల ఎగిరి గంతేసింది. వసూ, ఇదేనా నువ్వు అనుకున్నది? ఇదేనా? కాకపోయినా ఫరవాలేదు. నీ నియమం చెడలేదు. ఎవరూ ఎవర్నీ పేల్చలేదు. నాకైతే ఇది చాలనిపించింది. నీకు?

బొమ్మలాయన మొదట విసుక్కున్నాడు, అంతా మళ్ళీ గీయాలా అని. కథ విన్నాక ఊరుకున్నాడు. ఇప్పుడు నీలిరెక్క ఎగరడం మానేసి గడ్డపార పట్టుకుంది. వీధి వీధినా మూసేసిన బావుల పలకలు లేపుతున్నారు. చీర కొంగులు దోపుకున్న ఆడవాళ్ళు, లుంగీలు ఎగ్గట్టిన మగవాళ్ళు, గిలకలు, చేదలు. కళ్ళు ఎర్రబడకుండానే కథ నడిచింది. రంగనాథం రెండుసార్లు చదివి, ఫైటు లేదు సార్ అన్నాడు. తర్వాత, సరే వేద్దాం అన్నాడు.

చివరి పేజీలో వరుణిని ఏం చెయ్యాలని అడిగాడు. అక్కడే నిలబడనివ్వండి అన్నాను. మళ్ళీ వరద రాదా ఏం?

అప్పుడు శరణ్య ఒక మాట అడిగింది. మామ చచ్చిపోయిన సంగతి వరుణికి ఎవరన్నా చెప్పినారా అంకుల్?

నేను నువ్వు చెప్పిన పేజీలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఎక్కడా లేదు. ఊరంతా ఏడ్చింది, పాడె మోసింది. ఊరి బయట నిలబడ్డదానికి ఒక్కరూ వెళ్ళి చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఉన్నాడనే అది కాపలా కాస్తోంది.

మర్చిపోయావా? లేక ఆఖరుకి దాచుకున్నావా?

బొమ్మలాయన అప్పటికప్పుడు గీసేశాడు. సాయంత్రం. వరుణి భుజం మీద నీలిరెక్క కూర్చుని, దాని చెవి దగ్గరికి వంగింది. పక్కన మాటల బుడగ. చిన్నది. తెలుగులో నాలుగైదు మాటలకే చోటు. శరణ్య తమిళానికి మార్చుకుంటుందట, ముందు తెలుగు కావాలంది. అందరూ నన్నే చూశారు. ఆ ఒక్క ముక్క నేను రాస్తానని ఒప్పుకున్నాను.

ఆ కాగితం ఇప్పుడు భోజనాల బల్ల మీద ఉంది. పెన్సిలు చెక్కాను. పొద్దుట నుంచి కూర్చున్నాను. మామ పోయాడు, ఇక రాడు... అంతే రాస్తే సరిపోతుంది. చోటు కూడా సరిపోతుంది. చెయ్యి రావడం లేదు.

శుక్రవారం అచ్చుకి పోవాలట. అప్పటికి రాసి ఇచ్చేస్తాను, వసూ. నేనే చెబుతాను దానికి.

మనోహర్