మూడో రౌండులో పోయిన మా నాయన

తిరుపతి,
12 జూన్ 2001

నాయుడుపేట స్వర్ణముఖి అట్టపెట్టెల కంపెనీ పర్సనల్ ఆఫీసరు పంకజాక్షి గారికి, ధర్మేంద్ర నమస్కారం పెట్టి, ఆ చెయ్యి దించకముందే కోపంతో రాసేది.

నాకు అన్యాయం జరిగింది. చేసింది మీ ఇంటర్వ్యూ బోర్డు.

మీ పెద్ద కొనుగోలుదారులను సముదాయించి చూసుకునే అకౌంట్ మేనేజరు ఉద్యోగానికి రాతపరీక్ష రాసినాను, గెలిచినాను. రెండో రౌండు గ్రూప్ డిస్కషన్‌లో తక్కినవాళ్ళను నోరెత్తనీలేదు, గెలిచినాను. నిన్న మూడో రౌండుకు లోపలికి పోతే, బోర్డులో ముగ్గురూ నా గుండు చూసి, మీసం లేని మూతి చూసి, లేచి నిలబడినారు. ఒకాయన కళ్ళద్దాలు తీసేసినాడు.

"ఎప్పుడు జరిగిందప్పా?"

"శుక్రవారం సార్."

"అనుకోకుండానా?"

"లేదు సార్. ఆర్నెల్లుగా అనుకుంటా ఉండేదే. అమ్మే తొందరపడింది."

అంతే! అట్టపెట్టె గురించి అడగలేదు, కొనేవాడి గురించి అడగలేదు. భుజం తట్టి, "ఇంటికి పో నాయనా, చేయాల్సినవి చెయ్యి" అని పంపించేసినారు. అద్దం ముందర నిలబడి నేర్చుకున్న జవాబులన్నీ కడుపులోనే ఉండిపోయినాయి. తలమీద జుట్టును బట్టి మనిషిని తూచమని ఏ చట్టంలో రాసుండాది? ఈ ఉద్యోగం రాకపోతే గూడూరులో మా మామ నిమ్మకాయల మండీలో కూర్చోవాల. జీవితమంతా చిన్నకాయ ఒక పక్క, పెద్దకాయ ఒక పక్క ఏరుకుంటా బతకాల. నాకు జవాబు కావాలి.

ఇట్లు,
తల వంచని ధర్మేంద్ర

తా.క. నా ముందర బిస్కెట్ల ప్లేటు పెట్టి, నాలిక కరుచుకొని మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఇదేం మర్యాద?


నాయుడుపేట,
16 జూన్ 2001

ధర్మేంద్ర గారికి, పంకజాక్షి బరువైన మనసుతో రాయునది.

మీ కోపం మాకు అర్థమైంది. తండ్రి పోయిన దుఃఖంలో మనిషి ఎవరిమీదైనా అరుస్తాడు. మా ఆయన పోయినప్పుడు నేను కరెంటు బిల్లు తెచ్చినతన్ని పట్టుకొని తిట్టినాను.

ఇట్లాంటి రోజుల్లో ప్రశ్నలడగడం మనుషులు చేసే పని కాదని బోర్డు అనుకున్నది. పెద్దకర్మ అయినాక రండి. తండ్రి లేని బిడ్డకే ఉద్యోగం ఇవ్వాలని మేనేజరు అమర్‌నాథ్ గారు పట్టుబట్టి ఉన్నారు. మీ నాయన గారి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించినాము. మిషన్లు కూడా ఆపినాము.

మీ దుఃఖంలో పాలు పంచుకునే,
పంకజాక్షి

తా.క. అమ్మగారే తొందరపడిందని బోర్డు ముందర అన్నారంట. ఆ మాట ఇంకెక్కడా అనొద్దు. మేమెవరమూ విననట్టే ఉన్నాము.


తిరుపతి,
20 జూన్ 2001

పంకజాక్షి గారికి, ఒళ్ళు మండిపోతా ఉండే ధర్మేంద్ర రాసేది.

మీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతినుంచి అందుకున్నది మా నాయన గోవిందయ్య. కళ్ళజోడు పెట్టుకొని, వీధిలో నలుగురికీ వినబడేట్టు చదివినదీ ఆయనే. 'ఆత్మశాంతి' కాడ ఆగి, "ఒరే, నేను పోయినానంట రా! నాకెవురూ చెప్పలేదే!" అన్నాడు.

మా నాయన బతికే ఉండాడు! ఆ గుండు మొక్కుది. నాకు ఇంటర్వ్యూ కాగితం వస్తే నా జుట్టు కొండకు ఇస్తానని మా అమ్మ నిర్మలమ్మ ఆర్నెల్ల కిందటే మొక్కేసింది, నన్నొక మాట అడగకుండా. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. వాటిని ఖండిస్తా అచ్చైన కరపత్రాలన్నీ చదివినాను. మా అమ్మ కరపత్రాలు చదవదు. అన్నం మానేస్తుంది.

బతికుండే తండ్రి పేరు చెప్పి వచ్చే ఉద్యోగం నాకొద్దు. జాలిపడి ఇచ్చేది భిక్ష. నేనడిగేది హక్కు. నన్ను ప్రశ్నలు అడగండి!

ఇట్లు,
తండ్రి ఉన్న ధర్మేంద్ర

తా.క. మీ తా.క. కూడా నాయన చదివినాడు. ఆ పొద్దు నుంచి తన కాఫీ తనే కలుపుకుంటా ఉండాడు.


నాయుడుపేట,
25 జూన్ 2001

ధర్మేంద్ర గారికి, పంకజాక్షి సిగ్గుపడుతూ రాయునది.

రెండో రౌండులో మొక్కులు మూఢత్వమనీ, గుండు కొట్టించుకునేవాడికి తల లోపల కూడా ఏమీ ఉండదనీ బల్ల గుద్ది చెప్పింది మీరే. అట్లాంటి మనిషి గుండుతో వస్తే ఏమనుకోవాల? తండ్రికి తప్ప ఇంకెవరికీ జుట్టు ఇచ్చి ఉండడనుకున్నాము.

ఇప్పుడొక చిక్కు. "పోయినాడని జాలిపడితిమి, ఇప్పుడు లేచినాడంటే ఎట్ల నమ్మేది?" అంటున్నారు అమర్‌నాథ్ గారు. గురువారం మీ నాయన గారిని వెంటబెట్టుకొని రండి. ఆయన్ని కళ్ళారా చూసినాక మీ ప్రశ్నలు మీకు అడుగుతాము.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. ఆయన్ని గుండుతో మాత్రం తీసుకురావద్దు. ఈసారి మీ అమ్మగారు పోయినారనుకుంటాము.


తిరుపతి,
2 జూలై 2001

పంకజాక్షి గారికి, ధర్మేంద్ర రాసే కడపటి ఉత్తరం.

మళ్ళీ అన్యాయం జరిగింది. ఈసారి చేసింది మా నాయన.

గురువారం గదిలో మీ బోర్డు నన్ను అడిగింది: "పెట్టెలు తడిసినాయని కొనేవాడు వచ్చి అరిస్తే ఏం చేస్తావు?" "తప్పు ఎవరిదో తేల్చి, అది వాడిదైతే వాడి చేత ఒప్పిస్తాను" అన్నాను. ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

అదే సమయాన బయట వరండాలో మామిడిపండ్ల వ్యాపారి సమీవుల్లా, తడిసిన పెట్టె నేలకేసి కొట్టి అరస్తా ఉండాడంట. మా నాయన జరిగి చోటిచ్చినాడంట. "కూర్చో భాయ్. నేను పోయినానని వీళ్ళు ఇంటికి ఉత్తరమే రాసినారు. మిషన్లు కూడా ఆపినారు. నేనే ఊరకుండాను, పెట్టె తడిసిందని నువ్వింత ఎగరతావేమప్పా?" సమీవుల్లా నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకొని, కొత్త పెట్టెలకు ఆర్డరిచ్చి పోయినాడంట. వాకిట్లో నిలబడి అమర్‌నాథ్ గారు అంతా చూసినారంట.

ఈ పొద్దు మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు వచ్చింది. అమ్మ కవరుకు పసుపు పూసి నా చేతికిచ్చింది. చించితే లోపల 'శ్రీ గోవిందయ్య, అకౌంట్ మేనేజరు'!

రాతపరీక్ష రాయనోడికి, గ్రూప్ డిస్కషన్ మొగం చూడనోడికి, పోయినాడని మీరే రాసినోడికి ఉద్యోగమా? దీన్ని కరపత్రంగా అచ్చేయిస్తా ఉండాను. రౌండ్లు దాటి మోసపోయిన నిరుద్యోగ మిత్రులారా! వచ్చే సోమవారం పొద్దున సరిగ్గా పది గంటలకు నాయుడుపేటలో కంపెనీ గేటు ముందర ధర్నా! అందరూ తరలి రండి!

ఇట్లు,
పోరాటమే దిక్కైన ధర్మేంద్ర

తా.క. ధర్నా తొమ్మిదికే పెట్టాలనుకున్నాను. తొమ్మిదిన్నరకు నాయన డ్యూటీలో చేరాల, మొదటి రోజే గేటుకు అడ్డం పడితే బాగుండదు. ఇద్దరమూ ఒకే బస్సులో వస్తాము, నా టికెట్ ఆయనే తీస్తాడు. మంగళవారం మామ మండీకి రమ్మన్నాడు, కాబట్టి నా పోరాటానికి సోమవారం ఒక్కటే ఉండాది. ఇంకొక మాట. ఉద్యోగం వచ్చినందుకు ఆదివారం కొండ మీద నాయనకు గుండు, అమ్మ మొక్కు. ఆయన్ని చూసి ఎవరూ లేచి నిలబడొద్దు, మిషన్లు ఆపొద్దు. అమ్మ క్షేమం. పది గంటలు, మరిచిపోవద్దు.