మందు లేని బియ్యం

రేపల్లె,
20 జనవరి 1994

రాజారత్నానికి, బావ రాసేది.

నీ కొట్లో మా బియ్యం బస్తాకి "మందు లేని బియ్యం" అని అట్ట కట్టించడం నా పొరపాటు. "ఏ రోగానికి మందు లేదండీ?" అని తెనాలి జనం నవ్వి, పక్క బస్తా కొంటున్నారని కబురంపావు. దయచేసి "పురుగుమందు కొట్టకుండా పండించినవి" అని రాయించు. ఎంతకి పోతే అంతకే ఇవ్వు. వేరే బియ్యంలో మాత్రం కలపకు.

నా మాట విని మందు మానేసినవాళ్ళలో బర్నబాస్ ఒక్కడే మిగిలాడు; నీ దగ్గరున్న బస్తాల్లో అతనివీ ఉన్నాయి. ఆదివారం చర్చి బయట ఎవరో అతన్ని, "పెళ్ళాం పోయి మతి చెడినాయన మాట వింటావేంట్రా?" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. బర్నబాస్ తల దించుకుని, "బియ్యం పోకపోతే మినుముకి మందు కొట్టక తప్పదండి మేష్టారూ" అన్నాడు.

అతను కొడితే, బకెట్లో మందు కలిపి అందించేది భార్య దానమ్మే. మీ అక్క కూడా నాకు అలాగే కలిపి ఇచ్చేది. కలుపుతూనే గట్టు మీద పడిపోయింది. మిగతాది నీకు తెలుసు.

ఒక్క బస్తా ఆ అట్టతో అమ్ముడైనా వెంటనే రాయి. ఆ కార్డు బర్నబాస్‌కి చూపిస్తాను.

అమ్ముడు కాకపోయినా, అయిందనే రాయి.

మీ బావ