ఆరు నూళ్ళ తేడా

మాచర్ల,
ఆదివారం.

చెల్లెలు ఖాతూన్‌బీకి అన్న జహంగీర్ సలాములతో రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, నంద్యాలలో మీరంతా బాగున్నారని తలుస్తాను. అలా రాయడం రివాజు కనుక రాశాను. నిజానికి నా మోకాళ్ళు బాగాలేవు, ఎడమ కన్ను బాగాలేదు, నోరు మాత్రం బాగుంది. ఆ నోరే ముందు పోయి ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేదని మా కోడలు అంజుమ్ అంటుంది.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలేమిటని మీ అబ్బాయి ఐజాజ్ నవ్వుతున్నాడని రాశావు. ఫోన్‌లో నువ్వు స్పీకర్ పెడతావు, నా దగ్గు పక్కింటివాళ్ళకు కూడా వినిపిస్తుంది. పైగా ఫోన్‌లో అన్న మాటను మరునాడు అనలేదని దబాయించగలను. కాగితం మీద అలా కుదరదు. ఈసారి కుదరకూడదనే కాగితం తీసుకున్నాను. ఇది మూడోది, రెండు చింపేశాను.

పోయిన ఉత్తరంలో నువ్వు చాలా అడిగావు. పరీక్షల్లో పిల్లలు చేసినట్టు తేలికైన వాటికి ముందు జవాబు రాస్తాను. మోకాలి చిప్పలు మార్చాలని డాక్టరు అన్నాడు. డెబ్భై నాలుగేళ్ళ బండికి కొత్త పార్టులు వేస్తే మిగతావి ఊడతాయని చెప్పి వచ్చేశాను.

నరసరావుపేట ప్రదర్శన ఎలా జరిగిందని అడిగావు. నేను చేసిన చిన్న కార్లు పదకొండింటిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. జీపుకు టూల్‌బాక్సు మూత తెరుచుకుంటుంది. పద్మిని కారుకు వెనక సీటు రెగ్జిన్ చిరుగు కూడా పెట్టాను. ఆ ప్రదర్శన కమిటీ పెద్ద ధనుంజయరావు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు, వాటిని థర్మాకోల్ తాజ్‌మహల్ పక్కన పెట్టించాడు. పదిమందిలో నిలబడి, "ఏంది జహంగీరూ, ఈ వయసులో బొమ్మలతో ఆటలా?" అన్నాడు.

"మీరు ముప్పై ఏళ్ళు పిల్లల బతుకులతో ఆడుకున్నారు గదా సార్. నావి పగిలినా అంటించుకోవచ్చు" అన్నాను.

సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. బాలల విభాగం, ప్రోత్సాహక బహుమతి. దాన్ని అంజుమ్ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఎగతాళికి తగిలించిందో, అభిమానంతో తగిలించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చరిత్ర ఆ ధనుంజయరావు కంటే నేనే ఎక్కువ చదివాను. కొండవీటి రాజ్యం మీద మన లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు తిరగేశాను. ఓడిన ప్రతివాడి తరఫునా ఎవడో ఒకడు తప్పు ఇంకొకరిదని రాసి పెట్టే ఉంటాడు. ఈ సంగతి మీద ఆయనతో గంటసేపు వాదించగలను. కానీ ఈ ఉత్తరానికి కూర్చున్నది ఆయన పని పట్టడానికి కాదు. ఇక్కడ లేచి వీధి చివరి దాకా నడిచి వచ్చాను. మళ్ళీ కూర్చుంటున్నాను.

ఐజాజ్ కారు కొన్నాడనీ, మీ ఆయన మాత్రం దాన్ని ఎక్కడం లేదనీ రాశావు. కంటి ఆసుపత్రికి కూడా బస్సులోనే పోతున్నాడట. "నా చెయ్యి మంచిది కాదు, ఆ బండి మీద పడనీయొద్దు" అన్నాడట. అలాంటి మనిషి మన పాత అంబాసిడర్‌ని బొమ్మగా చేసి పంపమని నన్నెందుకు అడిగాడో అర్థం కాలేదన్నావు. చూపు పూర్తిగా పోకముందు ఒక్కసారి చూడాలన్నాడని చివర రాశావు. ఆ వాక్యం చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. రెండు రోజులు దాని వంక చూడలేదు.

నీకు తెలిసిందే అయినా వరసగా రాస్తాను. లేకపోతే ఆ తరువాతది రాయలేను. ముప్పై మూడేళ్ళ కింద మీ ఆయన టాక్సీగా నడిపిన కారది. వెల్దుర్తిలో పిన్నమ్మను చూడటానికి అమ్మను ఎక్కించుకుని పోతుంటే, కల్వర్టు దగ్గర రోడ్డు దిగి కింద పడింది. అమ్మ అక్కడే పోయింది. ఆయనకు భుజం విరిగింది. ఆ తరువాత ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు, నేను ఆయన్ని నా గడప తొక్కనీయలేదు.

అయినా కారు చేశాను. షెడ్డు మూసేసి పదేళ్ళయినా కొలతల పుస్తకాలు పారేయలేదు. టింకరింగుకు నా దగ్గరకు వచ్చిన ప్రతి బండి కొలతా వాటిలో ఉంది. ప్రతి కొలతనూ ఇరవై నాలుగుతో భాగించాలి. కారు మొత్తం జానెడు కూడా రాదు. ఒళ్ళు నూనె డబ్బా రేకుతో చేశాను. హెడ్‌లైట్లకు నా బీపీ మాత్రల అట్ట మీది బుడిపెలు సరిపోయాయి. అద్దాలకు చొక్కా డబ్బా మూత, స్టీరింగుకు పెన్ను రీఫిలు. వేడిచేసి వంచితే రీఫిలు బాగా తిరుగుతుంది. రంగు మాత్రం ఐజాజ్ పంపిన చిన్న స్ప్రే గన్‌తో నాలుగు పూతలు వేశాను. డాష్‌బోర్డు మీద అమ్మ అతికించిన మక్కా బొమ్మ కూడా పెట్టాను. అది ఆవగింజంత ఉంటుంది.

మూడు వారాలు పట్టింది. పూర్తయ్యాక హాల్లో అద్దం బల్ల మీద పెట్టి వేలితో మెల్లగా తోశాను. నాలుగు అంగుళాలు తిన్నగా పోయి ఎడమకు తిరిగింది. అలాగే తిరుగుతూ పోయి బల్ల అంచు దాటి కింద పడింది. బంపరు వంగింది. టీ తెస్తున్న అంజుమ్ అది చూసి, "ఏంది మామయ్యా, ఇది కూడా తాగి నడుపుతా ఉందా?" అంది.

మన ఇళ్ళలో అదొక పాత హాస్యం. ఎవరి చేతిలోంచి ఏది జారినా ఆ మాటే అంటారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆపి, కారు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాను.

నా పనిలోనే తప్పుందనుకున్నాను. ఇరుసులు తీసి మళ్ళీ చేశాను. మళ్ళీ ఎడమకే పోయింది. చక్రాలు మార్చాను. ఎడమకే. ఇంట్లో నిలవలేక బస్టాండు దాకా పోవడం, అక్కడా నిలవలేక తిరిగి రావడం, ఇలా నాలుగు రోజులు గడిచాయి. తరువాత పుస్తకం తెరిచి కొలతలు సరిచూశాను. బొమ్మలో తప్పు లేదు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాను.

ఇలాంటి బొమ్మలు చేసే వేరేవాళ్ళు కారును ఒక పక్క కొలిచి, రెండో పక్కను దానికి జతగా చేసేస్తారు. వాళ్ళ కారు తిన్నగానే పోతుంది. టింకరు అలా చేయడు. దెబ్బ తిన్న బండికి రెండు పక్కలూ ఒకటిగా ఉండవని మాకు అలవాటు. రెండు పక్కలూ విడివిడిగా కొలుస్తాం. ఆ పైన ముందు కుడి నుంచి వెనక ఎడమకు ఒక తాడు, ముందు ఎడమ నుంచి వెనక కుడికి ఒక తాడు పట్టి చూస్తాం. దాన్ని మూలకొలత అంటాం. రెండు తాళ్ళూ సమానమైతే బండి సాఫీగా ఉన్నట్టు. ఆ అంబాసిడర్‌కు తేడా ఆరు నూళ్ళు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు కదా, ముప్పావు అంగుళం. బొమ్మలో అది శుభలేఖ అట్ట మందం. పెన్సిలుతో నేనే రాసి, కింద గీత గీసుకున్నాను.

పుస్తకం చూశాకే ఈ సంగతి తెలిసిందని రాస్తే నువ్వు నమ్ముతావు. చింపిన రెండు కాగితాల మీదా అలాగే రాశాను. అది అబద్ధం ఖాతూన్. నాకు అది కొలిచిన రోజు నుంచీ తెలుసు.

అమ్మ పోక ముందే ఆ కారు ఒకసారి లారీ కిందికి పోయి నా షెడ్డుకు వచ్చింది. కోసి అతికి నిలబెట్టాను. మూలకొలత పట్టేసరికి బక్రీద్‌కు రెండు రోజులే ఉంది. అల్లుడు పండగ నాటికి టాక్సీ తీయాలని అమ్మ రోజూ షెడ్డుకు వచ్చి కూర్చునేది. సరిచేయాలంటే వెల్డింగు మళ్ళీ విప్పాలి. మూడు రోజుల పని. నేను పైన పుట్టీ రుద్ది, రంగు కొట్టి, పూలదండ వేసి తాళాలు ఇచ్చాను. మాచర్లలో నా అంత టింకరు లేడని అప్పుడు అందరూ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి.

వారం తిరక్కుండా మీ ఆయన షెడ్డుకు వచ్చాడు. "బావా, బండి ఎడమకి లాగతా ఉంది. ఒక్కసారి చూడు" అన్నాడు. షెడ్డులో నలుగురు కూర్చుని ఉన్నారు. "బండి లాగట్లేదురా, నీ చెయ్యి లాగతా ఉంది. ముందు స్టీరింగ్ పట్టుకోటం నేర్చుకో" అన్నాను. నలుగురూ నవ్వారు. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను తాళాలు ఇచ్చిన పన్నెండో రోజున అమ్మ పోయింది.

తాగి నడిపాడన్న మాట మొదట అన్నది నేనే. ముందురోజు సాయంత్రం అతను కల్లు తాగిన సంగతి నాకు తెలుసు. దాన్ని మర్నాటి పొద్దుటికి జరిపింది నేను. అమ్మను పూడ్చే రోజు ఖబరస్తాన్‌లో అందరి ముందూ అన్నాను. అతను ఒక చేతికి కట్టుతో వచ్చి, రెండో చేత్తో అమ్మ సమాధిలో మూడు పిడికిళ్ళ మట్టి వేయబోతుంటే, మణికట్టు పట్టుకుని ఆ మట్టి దులిపేశాను. శత్రువును కూడా ఎవరూ ఆపని చోట నేను ఆపాను. అతను తన చెయ్యే మంచిది కాదని నమ్మి ఇంటికి పోయాడు. ముప్పై మూడేళ్ళుగా అదే నమ్ముతున్నాడు.

ప్రతి ఉత్తరంలోనూ 'మీ ఆయన' అని రాస్తావు, 'వాజిద్ బావ' అని ఎందుకు రాయవు అని అడిగావు. బావ అని రాస్తే, 'బావా, బండి లాగతా ఉంది' అన్న గొంతు వినపడుతుంది. అంతకన్నా ఏమీ లేదు.

నిన్నగాక మొన్న జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆ రోజు ఖబరస్తాన్‌లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు ముగ్గురే మిగిలారు. ముగ్గురినీ ఆపి చెప్పాను. ఒకాయన, "పాత శవాలు ఇప్పుడెందుకు తవ్వుతావయ్యా" అన్నాడు. రెండో ఆయనకు చెవుడు. గట్టిగా రెండోసారి చెప్పాల్సి వచ్చింది, దాంతో చెప్పులు వేసుకుంటున్నవాళ్ళంతా విన్నారు. మూడో ఆయన నన్ను పక్కకు తోసి వెళ్ళిపోయాడు. ముగ్గురిలో సబబుగా ప్రవర్తించింది ఆయనే. ఇంటికి వచ్చి అంజుమ్‌కు కూడా చెప్పాను. అప్పటి నుంచి ఆ పిల్ల నన్ను ఎగతాళి చేయడం మానేసింది. ఇల్లు చానా నిశ్శబ్దంగా ఉంది, కూర్చోలేకపోతున్నాను.

కారు పార్శిల్ చేశాను. వంగిన బంపరు సరిచేశాను, మూలకొలత సరిచేయలేదు. సన్న ఆకురాయితో గంట పని, అయినా చేయలేదు. ముందు ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు, ఐజాజ్ ఇంట్లో ఉన్నప్పుడు చదువు. తరువాత కారు బల్ల మీద పెట్టి ఆయన వేలితోనే తోయించు. చూపు ఆనకపోయినా అది ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. నాలుగుసార్లు తోసినా నాలుగుసార్లూ అటే పోతుంది. ఎవరు తోసినా అటే పోతుంది. ఐజాజ్‌ను కూడా తోయమను.

క్షమించమని రాయడం లేదు. అలాంటి మాటలు పుస్తకాల్లో చదివినప్పుడే నాకు చిరాకు. ఆయన రమ్మంటే మార్కాపురంలో బండి మారి వస్తాను, వద్దంటే రాను. ఏమన్నా సరే, అన్నది అన్నట్టు నాకు తెలియాలి. నువ్వు మెత్తగా మార్చి రాస్తావు. జవాబు ఐజాజ్ చేత రాయించు.

ఇట్లు,
నీ పెద్దన్న, వాజిద్‌కు బావ,
జహంగీర్.