మన కొట్టువాళ్లు అమెరికా వచ్చారు

సుభద్రా,

ఇరవై ఏళ్ల కిందట లండన్‌లో మన వీధి చివర కొట్టు ఉండేదే, ఆ కంపెనీవాళ్లు ఇక్కడ బోస్టన్ దాకా వచ్చి మన సూపర్‌మార్కెట్‌ని కొనేశారు. పొద్దున పేపర్లో చూసి, నీకు చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. వెళ్లాక గుర్తొచ్చింది.

అక్కడ కౌంటర్ వెనక తెల్ల ఏప్రన్ ఆయన్ని ఉప్పు అడగడానికి కూడా నీకు ఇంగ్లిష్ వచ్చేది కాదు. నేను హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేదాకా పొయ్యి వెలిగేది కాదు. తర్వాత వాళ్లు కౌంటర్ తీసేసి, ఎవరికి కావలసినవి వాళ్లే బుట్టలో వేసుకునేలా మార్చారు. ఆ రోజు ఒక్కదానివే వెళ్లి సరుకులు తెచ్చి, "ఒక్క మాట మాట్లాడక్కర్లేదండీ" అన్నావు. ఆ కంపెనీ ఊరూరా కొట్లు తెరుస్తుంటే, నీ పుట్టింటివాళ్లు మేడలు కడుతున్నట్టు మురిసిపోయేదానివి.

నువ్వు పోయాక ఇక్కడి షాపుకి ఇవాళే వెళ్లాను. బోర్డు కూడా మార్చలేదు. నీకు చెప్పడానికి కొత్తదేదైనా కనిపిస్తుందేమోనని అన్ని వరసలూ తిరిగాను. ఏమీ లేదు. నువ్వు కొనే టీపొడే తీసుకుని లైన్లో నిలబడ్డాను.

బిల్లు కొట్టే ముసలావిడ, నువ్వు ఎప్పుడూ నవ్వి పలకరించే ఆవిడే, "మీ ఆవిడ ఊరెళ్లిందా? కనబడటం లేదు" అంది. డ్యూటీలో ఎంతమంది రోగుల ఇంటివాళ్లకో ఈ కబురు ఇంగ్లిష్‌లోనే చెప్పాను. ఇవాళ మాత్రం నీలాగే నవ్వి, తలూపి, సంచీ అందుకున్నాను.

అడిగానని చెప్పమంది. చెబుతున్నాను.